జార్జియాలో అర్ధరాత్రి క్రైసిస్ వస్తే: ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు ఎవరిని కలుపుతారు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, ఫోర్సైత్ కౌంటీలో ఉంటున్నారు. 19 ఏళ్ల అబ్బాయికి ఆటిజం. నెల రోజులుగా సరిగ్గా నిద్రపోవడం లేదు, తల గోడకేసి కొట్టుకుంటున్నాడు, "నేను ఉండను" అంటున్నాడు. దీనికి తోడు ఇంట్లో సీసాల్లో మద్యం తగ్గిపోతోందని గమనించారు. సైకియాట్రిస్టు ఆఫీసుకు చేస్తే ఇది ఆటిజం సమస్య అన్నారు, ఆటిజం సేవల వాళ్లకు చేస్తే ముందు తాగుడు మాన్పించండి అన్నారు, డీఅడిక్షన్ వాళ్లు మానసిక సమస్య ఉన్నవాళ్లను చేర్చుకోమన్నారు. రాత్రి రెండింటికి చేయి దాటిపోతే ఎవరికి చెప్పాలి, ఈ మూడింటినీ రాష్ట్రంలో కలిపేవాళ్లు ఉన్నారా అని అడిగారు.

ఉన్నారు. ప్రాణం మీదికి వచ్చిందంటే, అంటే చేతిలో ఆయుధం ఉన్నా, ఏదైనా మింగేసినా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకపోయినా, 911. అంతవరకు రాలేదంటే 988 (దేశమంతటికీ ఉన్న ఆత్మహత్య, సంక్షోభ సహాయ నంబరు), లేదా 1-800-715-4225. ఈ రెండోది జార్జియా క్రైసిస్ అండ్ యాక్సెస్ లైన్. అందరూ జీకాల్ అంటారు. రోజుకు 24 గంటలూ పలుకుతుంది, ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి మాట్లాడటం మానరు. ఫోన్ ఎత్తగానే మూడు సంగతులూ ఒక్క ఊపిరిలో చెప్పాలి: "పంతొమ్మిదేళ్ల అబ్బాయి, ఆటిజం ఉంది, చనిపోతానంటున్నాడు, మద్యం తాగుతున్నాడు." ఒకటి చెప్పి మిగతావి తర్వాత చెబుదామనుకుంటే, ఆ మొదటి మాటను బట్టే కాల్ ఒక దారిలో పడిపోతుంది. తర్వాత దాన్ని మళ్లించడం కష్టం.

జార్జియాలో ఈ మూడూ కాగితం మీద ఒకే ఇంట్లో ఉన్నాయి. 2009లో మానసిక ఆరోగ్యం, వ్యసనాలు, ఎదుగుదల వైకల్యాలు మూడింటికీ కలిపి డీబీహెచ్‌డీడీ అనే శాఖ పెట్టారు. కానీ శాఖ ఒకటైనా డబ్బు సంచులు వేరు. మెడికెయిడ్, అంటే ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఇంకో శాఖ కింద, స్కూలు ఇంకొకరి కింద. సంచి మారిన ప్రతిచోటా ఒక గుమ్మం, ప్రతి గుమ్మం దగ్గరా "ఇది మా కేసు కాదు" అనే వీలు. మీకు ఎదురైంది అదే. ఈ ప్రమాదం జార్జియాకు బాగా తెలుసు. 1999లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఓల్మ్‌స్టెడ్ తీర్పు ఇక్కడి నుంచే వెళ్లింది. లోయిస్ కర్టిస్, ఎలెయిన్ విల్సన్ అనే ఇద్దరు మహిళలకు మేధో వైకల్యం, మానసిక జబ్బు రెండూ ఉన్నాయి. బయట ఉండి చికిత్స తీసుకోగలరని డాక్టర్లు చెప్పినా, బయట ఏర్పాట్లు లేక అట్లాంటాలోని రాష్ట్ర ఆసుపత్రిలోనే ఉంచేశారు. అది వివక్ష అని కోర్టు తేల్చింది. ఆ తర్వాత 2010లో కేంద్ర న్యాయశాఖతో రాష్ట్రం చేసుకున్న ఒప్పందం ప్రకారం మొత్తం 159 కౌంటీలకూ ఇంటికే వచ్చే మొబైల్ క్రైసిస్ టీములు, సగటున గంటలోపు చేరాలన్న లెక్క, ఎదుగుదల వైకల్యం ఉన్నవారికి విడిగా నాలుగు పడకల క్రైసిస్ ఇళ్లు వచ్చాయి. కాబట్టి "ఆటిజం ఉంది కాబట్టి క్రైసిస్ టీమ్ రాదు" అని ఎవరైనా అంటే, అది నిజం కాదు. ఆ మాట అన్నవారి పేరు, సమయం రాసుకుని జీకాల్‌కు మళ్లీ చేయండి.

ఇక ఫోన్ సంగతి. 988 దేశమంతటా 2022 జులై 16న మొదలైంది. చాలాకాలం ఆ కాల్ మీరు ఉన్న చోటును బట్టి కాక మీ ఫోన్ ఏరియా కోడ్‌ను బట్టి వెళ్లేది. డాలస్‌లో చదువుకుని 469 నంబరుతోనే ఫోర్సైత్ కౌంటీలోని కమింగ్ ఊరికి మారినవాళ్లు ఫోన్ చేస్తే టెక్సస్‌లో ఎవరో ఎత్తేవారు. 2024 చివరి నుంచి పెద్ద కంపెనీలు దగ్గర్లోని సెల్ టవరును బట్టి పంపడం మొదలుపెట్టాయి గానీ, వైఫై కాలింగ్, చిన్న కంపెనీల నంబర్లలో ఇంకా తేడా రావచ్చు. అందుకే వేరే రాష్ట్రం నంబరు ఉన్నవారు నేరుగా జీకాల్ పది అంకెల నంబరుకే చేయడం మేలు. 988కే చేస్తే మొదటి మాటగా "జార్జియా, ఫోర్సైత్ కౌంటీ" అని చెప్పండి.

తెలుగులో మాట్లాడాలంటే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని ఇంగ్లిషులో ఆ మూడు ముక్కలు చెప్పి లైన్‌లో ఉండండి. 988 వాళ్లకు 240కి పైగా భాషల్లో ఫోన్ దుబాసీలు అందుబాటులో ఉంటారు. మెసేజ్, చాట్ మాత్రం ఇంగ్లిషు, స్పానిష్‌లోనే. అమ్మమ్మ, తాతయ్యలు ఇంట్లో ఒంటరిగా ఉండే సమయాలు ఉంటే ఆ మూడు ఇంగ్లిషు మాటలు తెలుగు లిపిలో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

దుబాసీతో మాట్లాడేటప్పుడు మన భాషలో ఉన్న చిక్కులు చాలామందికి తట్టవు. "మందు తాగాడు" అన్నామనుకోండి. అది దగ్గు సిరప్ కావచ్చు, విస్కీ కావచ్చు, పురుగుల మందు కావచ్చు. దుబాసీ "మెడిసిన్ తీసుకున్నాడు" అని చెప్పేస్తే అవతల నర్సు మామూలు ప్రశ్నలు అడుగుతూ కూర్చుంటుంది. "మద్యం", "డాక్టరు ఇచ్చిన మాత్రలు", "విషం" అని విడమర్చాలి. "ప్రాణం విసిగిపోయింది", "ఇంక చాలు", "నేను ఉండను" లాంటివి దుబాసీ నోట అలసటగా మారిపోతాయి. కాబట్టి అన్న మాట యథాతథంగా చెప్పి, పక్కనే "అంటే చనిపోతాననే అర్థంలో అన్నాడు" అని కలపండి. తిరగేసి కూడా జాగ్రత్త అవసరం. "పని ఎక్కువై చచ్చిపోతున్నా" అన్న మాటను ఆత్మహత్య మాటగా తీసుకోకుండా సందర్భం చెప్పాలి. ప్రాణాపాయంలో వేరే దుబాసీ వెంటనే దొరకనప్పుడు తప్ప, ఆసుపత్రిలో మైనర్ పిల్లలను దుబాసీగా వాడకూడదని ఫెడరల్ నిబంధన ఉంది. పదమూడేళ్ల చెల్లెలి చేత అన్న సంగతులు చెప్పించమని ఎవరైనా అడిగితే కాదనండి.

కాల్ తీసుకున్నవారు ముందుగా అడ్రసు, తిరిగి చేయాల్సిన నంబరు అడుగుతారు. తర్వాత ఇంట్లో తుపాకీ ఉందా, ఏమైనా మింగాడా, ఇప్పుడు ఎక్కడున్నాడు, ఏ మాత్రలు వాడుతున్నాడు. దాన్ని బట్టి నాలుగు దారులు: ఫోన్‌లోనే సర్దుబాటు చేయడం, ఒకటి రెండు రోజుల్లో అపాయింట్‌మెంట్, మొబైల్ టీమును పంపడం, లేదా 911కు అప్పగించడం. జార్జియా పద్ధతిలో దేశంలో అందరూ మెచ్చుకున్నది ఈ కేంద్రం నుంచే టీములను పంపడం, ఏ క్రైసిస్ సెంటర్లో ఎన్ని పడకలు ఖాళీగా ఉన్నాయో ఒకే తెర మీద చూడటం. విమానాశ్రయంలో కంట్రోల్ టవరు లాంటిది. మీకు ఎదుగుదల వైకల్యం తెలిసిన టీమ్ కావాలని విడిగా అడగండి. అడగకపోతే మామూలు టీమ్ రావచ్చు.

టీమ్ వచ్చేలోపు ఇంట్లో చేయాల్సినవి చిన్నవే. టీవీ, మిక్సీ, పెద్ద లైట్లు ఆపండి. చుట్టాలను వేరే గదిలోకి పంపండి. మాట్లాడేది ఒక్కరే, చిన్న వాక్యాల్లో, ఒక్కో వాక్యానికి పది సెకన్లు ఆగుతూ. ఆటిజం ఉన్నవారికి ప్రశ్న మీద ప్రశ్న వేస్తే తల కొట్టుకోవడం పెరుగుతుంది. గోడకూ తలకూ మధ్య దిండు పెట్టండి, చేతులు పట్టి లాగవద్దు. వంటింటి కత్తులు, మాత్రల డబ్బాలు, బాటిళ్లు తీసి కారు డిక్కీలో పెట్టి తాళం వేయండి. దేవుడి గదిలో దీపం, అగ్గిపెట్టె కూడా.

911కే చేయాల్సి వస్తే "సీఐటీ ఆఫీసర్" కావాలని అడగండి. మానసిక సంక్షోభాల మీద 40 గంటల శిక్షణ పొందిన పోలీసు అని అర్థం. అబ్బాయి మాట్లాడడు లేదా తక్కువ మాట్లాడతాడని, ఆదేశం ఇవ్వగానే అర్థం చేసుకోకపోవచ్చని, చేతులు ఊపడం బెదిరింపు కాదని, ఆయుధం ఉందో లేదో, డిస్పాచర్‌తోనే చెప్పండి. తలుపు తీసేటప్పుడు మీ చేతుల్లో ఏమీ ఉండకూడదు.

ఇప్పుడు అసలు విషయం. ఆటిజం ఉన్నవాడి ప్రవర్తన నెల రోజుల్లో ఇలా మారిందంటే ముందు ఒంట్లో నొప్పి వెతకాలి. మలబద్ధకం, పిప్పి పన్ను, చెవి ఇన్ఫెక్షన్, కడుపులో మంట, ఫిట్స్, కొత్తగా వేసిన లేదా ఆపేసిన మాత్ర. నోటితో చెప్పలేని నొప్పి తలను గోడకేసి కొట్టుకోవడంగా బయటికి వస్తుంది. అన్నీ ఆటిజం ఖాతాలో వేసేయడం డాక్టర్లు తరచూ చేసే పొరపాటే. చివరిసారి విరేచనం ఎప్పుడయిందో, ఏ పక్క నములుతున్నాడో, ఏ చెవి పట్టుకుంటున్నాడో మీరే గమనించి చెప్పాలి. ఈఆర్‌లో (అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీలో) ఎవరికీ అది తెలిసే దారి లేదు. ఈ తరహా శారీరక పరీక్ష అయ్యాకే మూడ్ మాత్రల గురించి మాట్లాడాలి.

తాగుడు దగ్గర ఇంకో ప్రమాదం. రోజూ తాగుతున్నాడని తెలిసి భయపడి ఒక్కసారిగా సీసాలన్నీ పారబోసి తాగుడు ఆపించకండి (టీమ్ వచ్చేలోపు కాసేపు దాచడం వేరు). ఎంత తాగుతున్నాడో, ఎన్ని రోజులుగానో తెలియనప్పుడు అది ప్రాణాంతకం కావచ్చు. ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల్లో డెలీరియం, అంటే వణుకు, జ్వరం, లేనివి కనబడటం రావచ్చు. ఇది తెలియక ఆటిజం ముదిరిందని, గాలి సోకిందని అనుకునే ఇళ్లున్నాయి. వణుకు, చెమటలు కనిపిస్తే ఇది ఇంట్లో మాన్పించే పని కాదు, ఆసుపత్రి పని. స్నేహితులు ఇచ్చిన మాత్రలు ఏవైనా వాడుతున్నాడన్న అనుమానం ఉంటే, వాటిలో ఫెంటనిల్ అనే బలమైన మత్తుమందు కలిసి ఉండొచ్చు గనుక దానికి విరుగుడుగా ముక్కులో కొట్టే నాలొక్సోన్ 4 మిల్లీగ్రాముల స్ప్రే ఇంట్లో ఉంచండి. 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతోంది. ఊపిరి మందగిస్తే ముందు 911, తర్వాత ఒక ముక్కులో ఒక డోసు, రెండు మూడు నిమిషాల్లో లేవకపోతే రెండోది. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గి మళ్లీ మత్తులోకి జారవచ్చు. లేచి కూర్చున్నాడు కదా అని అంబులెన్సును వెనక్కి పంపకండి. మత్తు అధికమైన మనిషి కోసం సాయం పిలిచినవారిని చిన్న మొత్తం మత్తు కలిగి ఉన్నారని కేసు పెట్టకుండా కాపాడే చట్టం జార్జియాలో 2014 నుంచి ఉంది.

ఒప్పుకోకపోతే ఏంటి? ఇక్కడ "టెన్ థర్టీన్" అనే మాట వింటారు. ఫారం 1013. డాక్టరు, సైకాలజిస్టు, క్లినికల్ సోషల్ వర్కరు లాంటివారు గత 48 గంటల్లో స్వయంగా చూసి, ఇష్టం లేకపోయినా పరీక్షకు తీసుకెళ్లాలని రాసే పత్రం. ఏడు రోజులు చెల్లుతుంది. మద్యం, మత్తు కారణమైతే అదే రకం పత్రం 2013. డాక్టరు లేకపోతే, గత 48 గంటల్లో అతణ్ని చూసిన ఇద్దరు వ్యక్తులు ప్రొబేట్ కోర్టులో అఫిడవిట్ ఇచ్చి ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. అమ్మ, నాన్న ఇద్దరూ సరిపోతారు, కానీ కోర్టు పని వేళల్లోనే కుదురుతుంది. 2022లో వచ్చిన మానసిక ఆరోగ్య సమానత్వ చట్టం తర్వాత, నేరం ఏదీ లేకపోయినా పోలీసు ఫోన్‌లో డాక్టరును సంప్రదించి, ఆయన సరేనంటే, తీసుకెళ్లవచ్చు. ఆ బిల్లు నంబరు కూడా 1013నే, రెండూ కలిపేసుకోకండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1013 చట్టంలో మానసిక జబ్బు అంటే ఆలోచనలో గానీ మూడ్‌లో గానీ వచ్చిన రుగ్మత. ఆటిజం ఒక్కటే దాని కిందికి రాదు. అందుకే అబ్బాయి తల కొట్టుకుంటున్నాడని మాత్రమే చెబితే "ఇది బిహేవియర్" అని ఇంటికి పంపేస్తారు. చావు మాటలు, తిండి మానేయడం, నెలగా నిద్ర లేకపోవడం, ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోవడం, ఇవి తేదీలతో చెప్పాలి. అబద్ధం చెప్పమని కాదు. ఉన్నదాన్ని పూర్తిగా చెప్పమని.

పోలీసు కారులో, బేడీలతో తీసుకెళ్లినా 1013 అరెస్టు కాదు, క్రిమినల్ కేసు కాదు. హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు దీనికి భయపడి ఫోన్ చేయకుండా ఆగిపోతారు. భయపడాల్సింది వేరే ఉంది: తాగి కారు నడిపి అరెస్టయితే, శిక్ష పడకముందే వీసా రద్దయ్యే అవకాశం ఉంది. తొందరగా సాయం తీసుకోవడమే వీసాకూ మంచిది.

ఈఆర్‌కు చేరాక గంటలు కాదు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ముందు రక్తం, మూత్రం పరీక్షలు చేసి శారీరకంగా బాగున్నాడని తేల్చాలి, తర్వాత పడక వెతకాలి. అన్ని ఆసుపత్రులకూ 1013 మీద వచ్చినవారిని చేర్చుకునే హోదా ఉండదు, శాఖ గుర్తించినవాటికే ఉంటుంది. ఆటిజం అనగానే, లేదా రక్తంలో మద్యం ఎక్కువుంటే, ప్రైవేటు ఆసుపత్రులు వద్దనేస్తాయి. ప్రతి షిఫ్టు మారినప్పుడు కేస్ మేనేజరును ఇలా అడగండి: "ఎక్కడెక్కడికి పంపారు? ఎవరు కాదన్నారు? ఏ కారణంతో? రాష్ట్ర పడకల జాబితాలో పెట్టారా?" ఈ నాలుగింటికీ జవాబు రాసుకోండి. ఫోర్సైత్ వైపు వాళ్లకు ప్రభుత్వ కమ్యూనిటీ సర్వీస్ బోర్డు (ప్రాంతీయ మానసిక ఆరోగ్య సేవల సంస్థ) అవిటా. దాని క్రైసిస్ సెంటర్ అడ్రసు జీకాల్‌ను అడగండి. గ్విన్నెట్ వాళ్లకు వ్యూ పాయింట్ హెల్త్. ప్రాణాపాయం లేనప్పుడు ఈఆర్‌కు కాకుండా నేరుగా ఇలాంటి సెంటరుకే వెళ్లవచ్చు. 24 గంటలలోపు పరిశీలనలో ఉంచి, అవసరమైతే పక్కనే ఉన్న పడకల్లోకి మారుస్తారు. వెళ్లేముందు జీకాల్‌కు చెప్పి వెళితే గుమ్మం దగ్గర తిరగాల్సిన పని తగ్గుతుంది.

ఈఆర్‌లో నిరీక్షణ సాగినప్పుడు జరిగే పెద్ద తప్పు రోజూ వేసుకునే మాత్రలు ఆగిపోవడం. ఫిట్స్ మాత్ర రెండు డోసులు తప్పితే ఫిట్స్ రావచ్చు, దాన్ని చూసి కొత్త జబ్బు అనుకుంటారు. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలైతే బ్రాండ్ పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎన్‌కొరేట్ క్రోనో అంటే వాల్‌ప్రొయేట్ అని, నెక్సిటో అంటే ఎస్సిటాలోప్రామ్ అని, ఒలియాంజ్ అంటే ఒలాంజపిన్ అని, మిల్లీగ్రాములతో సహా మీరే ఇంగ్లిషులో రాసివ్వాలి. స్ట్రిప్పులు కూడా వెంట తీసుకెళ్లండి.

దీనికోసమే ఈరోజే ఒక్క పేజీ తయారు చేసి, పది కాపీలు తీసి, ఒకటి ఫోన్‌లో ఫొటోగా పెట్టుకోండి. పైన పేరు, పుట్టిన తేదీ. కింద ఈ వరసలో: నొప్పి ఉంటే ఎలా తెలుస్తుంది, భయపడితే ఏం చేస్తాడు, ఏది శాంతింపజేస్తుంది (చేతిలో పట్టుకునే దారం, ఒకే పాట, పెరుగన్నం, ఏదైనా సరే), ఏది రెచ్చగొడుతుంది, మాత్రలు, డోసులు, ఆఖరిసారి ఎప్పుడు వేశారు, పడని మందులు, మద్యం ఎంత, ఎప్పటినుంచి, ఆత్మహత్య మాటలు ఏ తేదీన, ఏ మాటల్లో, ఆటిజం నిర్ధారణ ఎక్కడ, ఏ సంవత్సరం, చూస్తున్న డాక్టర్లు. కాల్ సెంటరు, పోలీసు, నర్సు, సోషల్ వర్కరు, మరుసటి రోజు డాక్టరు, ఇలా ఒక్క రాత్రిలో ఐదు చేతులు మారతాడు. ప్రతి చేతిలోనూ ఈ కాగితం పడితేనే వాళ్లంతా ఒకే మనిషిని చూస్తారు.

పద్దెనిమిది దాటాక తల్లిదండ్రులకు దానంతట అదే ఏ హక్కూ రాదని చాలామందికి ఆసుపత్రి కౌంటరు దగ్గరే తెలుస్తుంది. అబ్బాయి బాగున్న రోజునే సమాచారం పంచుకోవచ్చని సంతకం చేయించండి. సంక్షోభంలో ఏ మందు కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందే రాసుకునే పత్రానికి కూడా జార్జియాలో 2022 నుంచి చట్టం ఉంది. గార్డియన్‌షిప్, అంటే అతని తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం, ప్రొబేట్ కోర్టు ద్వారా వస్తుంది, కానీ అది అతని హక్కులు తీసేసే పని కాబట్టి చివరి మార్గంగానే చూడండి. సంతకం లేకపోయినా ఒకటి గుర్తుంచుకోండి: వాళ్లు మీకు చెప్పకూడదు, మీరు చెప్పేది వినకూడదని మాత్రం ఎక్కడా లేదు. "మీరేమీ చెప్పక్కర్లేదు, ఈ కాగితం ఫైల్లో పెట్టండి" అంటే చాలు.

డిశ్చార్జి రోజు చాలామంది ఊపిరి పీల్చుకుని వచ్చేస్తారు. ప్రమాదం తగ్గేది అప్పుడు కాదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి వారాలే ఆత్మహత్య పరంగా అత్యంత ప్రమాదకరం. ఏడు రోజుల్లోపు అపాయింట్‌మెంట్, డాక్టరు పేరుతో, తేదీతో చేతిలో లేకుండా సంతకం పెట్టకండి. మాత్రలు ఎన్ని రోజులకు ఇచ్చారో, అవి అయిపోయేది అపాయింట్‌మెంట్ ముందా తర్వాతా అని లెక్క చూడండి. అక్కడే చాలా కేసులు మళ్లీ ఈఆర్‌కు తిరిగొస్తాయి. ఎదుగుదల వైకల్యం వైపు దీర్ఘకాలిక సాయం నౌ, కాంప్ అనే రెండు వెయివర్ల (సంస్థలో చేర్చకుండా ఇంట్లో, ఊళ్లోనే సేవలు ఇచ్చే పథకాల) ద్వారా వస్తుంది. నిరీక్షణ జాబితా పొడవుగా ఉంటుంది. జాబితాలో పేరు చేరాలంటే దరఖాస్తు పెట్టి తీరాలి. వెయివర్లు మెడికెయిడ్ కిందివి, హెచ్-1బీ, హెచ్-4 వీసాల మీద ఉన్నవారికి అందవు. క్రైసిస్ లైను, మొబైల్ టీములకు మాత్రం వీసాతో పని లేదు.

ఇండియాలో ఉన్న పెద్దవాళ్లకు కూడా ఒక మాట చెప్పి పెట్టండి. అక్కడి నుంచి 911 గానీ 988 గానీ నొక్కితే ఇక్కడికి కలవదు. అబ్బాయి వాళ్లతో వాట్సాప్‌లో ఏదైనా అని ఫోన్ పెట్టేస్తే, ఫోర్సైత్ షెరిఫ్ ఆఫీసు పది అంకెల నంబరుకు దేశం కోడ్ 1 కలిపి చేసి "వెల్ఫేర్ చెక్", అంటే ఇంటికి వెళ్లి క్షేమం చూసిరమ్మని, అడగాలి. ఆ నంబరు, మీ ఇంటి అడ్రసు, పక్కింటి తెలుగువాళ్ల నంబరు వాళ్ల ఇంట్లో గోడ మీద ఇవాళే రాయించండి.